చలిసముద్రమున తొలి మునక



నీట మునుగుట మనకు క్రొత్త విద్య కాదు. పుష్కరములకు గోదావరిలో మూడు మునకలు వేయని గృహస్థు మన పల్లెలలో అరుదు. నూతిలో జారిన చేదను దీయుటకు ఊపిరి బిగబట్టి అడుగంట బోయి వచ్చెడి పడుచువాండ్రను మీరందరును చూచియే యుందురు. భారతకథలో దుర్యోధనుడు జలస్తంభనవిద్యచే మడుగులో దాగుట చిన్ననాటి నుండి వినుచున్నదే. దక్షిణమున తూత్తుకుడి ప్రాంతమున ముత్యపుచిప్పలకై మునిగెడివారు రాతికి త్రాడుగట్టి, ఆ బరువుతో అడుగునకు దిగి, ఒక్క ఊపిరిలో చేతికందినన్ని చిప్పల నేరుకొని పైకి వచ్చెడివారు. దుర్యోధనుని మాట యట్లుండ, తక్కినవారందరును ఊపిరి బిగబట్టి పోయినవారే. నేడు నేను ముచ్చటింపబోవునది ఊపిరిని మూటగట్టుకొని పోవు మునక. వీపున గాలిసిలిండరు ధరించి, ఒడ్డు నుండి కాలినడకను చలిసముద్రమున ప్రవేశించి, రాతిగట్ల నడుమ అరగంట సంచరించి, మరల నడిచి వచ్చుట. దీనికి స్కూబా యని పేరు.

మన కేల యీ ప్రసంగమని మీరడుగవచ్చును. మన బిడ్డలు వేలకొలదిగా అమెరికా పడమటి తీరమున, కాలిఫోర్నియా రాష్ట్రములో చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. సెలవు దొరికినచో కొండలెక్కుదురు, సముద్రములో దిగుదురు. చదువునకై విదేశములకు బోయిన మన పడుచువాండ్రు చెరువులలోను, జలపాతముల కడను, సముద్రములోను ప్రాణములు గోలుపోయిన వార్తలను పత్రికలలో చదివి నిట్టూర్చుచునే యున్నాము. ఇట్టి దినములలో మనుమడో మనుమరాలో టెలిఫోనులో "తాతయ్యా, శనివారము సముద్రము క్రిందికి పోవుచున్నాను" అనినచో మనమేమి చేయుదుము? వద్దు వద్దని కేకలు వేయుదుము. లేదా జాగ్రత్త యని చెప్పి ఊరకుందుము. మొదటిదానిని వారు వినరు. రెండవదానిలో వారికి పనికి వచ్చున దేమియు లేదు. ఆ పని యెట్లు జరుగవలెనో మనకు దెలిసినచో అడుగదగిన దానిని అడుగగలము. నా మనుమరాలు ఈ విద్య నేర్చి, గురువు వెంట లేకుండ మొదటిసారి సముద్రమున దిగిన దినమున నేనా యొడ్డుననే యుంటిని. ఆమె వ్రాసిన కాగితము నా చేతిలో నుండెను. ముఖ్యముగా ఆ కాగితమును గూర్చియే చెప్పెదను.

ఆ స్థలము పేరు మాంటెరే. శాన్ హోసే నగరమునకు దక్షిణముగా సుమారు 70 మైళ్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రపు టొడ్డున నున్నది. ఒకప్పుడు సార్డీను చేపలను డబ్బాలలో నింపు కర్మాగారములతో కంపుగొట్టిన యూరు. చేపలు తరిగిపోగా కర్మాగారములు మూతబడినవి. వానిలో నొకటి యున్న చోటనే 1984లో గొప్ప మత్స్యప్రదర్శనశాల వెలసినది. ఆ వీధి చివర శాన్ కార్లోస్ అను చిన్న యిసుకతీరము కలదు. తీరము ప్రక్క నుండి, పెద్ద బండరాళ్లతో గట్టిన అలకట్ట యొకటి వేయి యడుగులకు మించి సముద్రములోనికి చొచ్చుకొని పోయినది. దాని కొనమీద సముద్రసింహములను జంతువులు పగలు రేయి యనక అరచుచుండును. క్రొత్తగా నేర్చినవారు తరచుగా దిగునది యిచ్చటనే. అడుగు మెల్లమెల్లగా లోతగును గాని ఒక్కమారు తెగిపడదు. కట్ట ప్రక్కగా పోయి కట్ట ప్రక్కగా మరలి వచ్చినచో త్రోవ తప్పుట కవకాశము తక్కువ. పడమటి కెరటములకు ద్వీపకల్పపు కొన యడ్డుపడును. సముద్రరక్షకదళమువారి ఠాణా ఆ కట్ట మొదటనే యున్నది. మొదటి మునకకు స్థలమును ఎన్నుకొనునప్పుడు అందమును గాక యిట్టివానిని చూడవలెను.

ఆ సముద్రము చల్లన యనగా ఎంత చల్లన? మన విశాఖ తీరమున చలికాలమునను నీరు గోరువెచ్చగనే యుండును. మాంటెరేలో ఎండకాలమున సైతము 10 మొదలు 15 డిగ్రీల సెంటిగ్రేడు లోపలనే తరచుగా నుండును. దీని కారణము చిత్రమైనది. వసంతకాలమున వాయవ్యపు గాలులు తీరము వెంబడి వీచును. భూభ్రమణమువలన పైనీరు తీరము నుండి ఆవలికి త్రోయబడును. ఆ ఖాళీని పూరించుటకు అగాధమున నున్న చల్లని నీరు పైకి వచ్చును. ఆ యఖాతపు నడుమ మైలుకు మించిన లోతుగల జలగర్భపు లోయ యొకటి యున్నది. ఆ నీటితోడనే సముద్రపు టెరువంతయు పైకి వచ్చును గనుక అచ్చట జీవరాశి హెచ్చు. కెల్ప్ అను పెద్ద సముద్రపుమొక్క రాళ్లను పట్టుకొని మొలచి, గాలిబుడ్డల సాయమున నిట్టనిలువుగా లేచి, నీటిపైన పందిరివలె పరచుకొనును. అనుకూలమైన దినములలో రోజునకు రెండడుగుల వరకు పెరుగునట!  ఆ పందిరి క్రింద రాతిచేపలు, నక్షత్రమీనములు, తెల్లని పూలగుత్తుల వంటి జీవములు నుండును. సముద్రపు నీటికుక్కలు గూడ నచ్చట కలవు. బొచ్చుకై వేటాడి వాని వంశమును దాదాపు నిర్మూలము చేసిరి; 1911లో వేటను మాన్పు అంతర్జాతీయ సంధి జరిగినది; 1938లో మాంటెరేకు దక్షిణమున చిన్న మంద యొకటి లోకము కంటబడినది. నేడచ్చట నున్నవి ఆ మంద సంతతివే. ఇది మన ప్రసంగమునకు కొంచెము దూరపు మాటయే గాని, చూడబోవునది పోగొట్టుకొని మరల దక్కించుకొన్న సొత్తని పిల్లలు తెలిసికొనుట మంచిది.

ఇక ఊపిరి సంగతి. నీటిలో 33 అడుగులు దిగినచో మనమీది ఒత్తిడి ఒడ్డున నున్నదానికి రెండింతలగును. 66 అడుగులకు మూడింతలు. సిలిండరులో గాలిని బిగించి యుంతురు. నోటగరచుకొన్న రెగ్యులేటరను సాధనము ఆ లోతునకు తగిన ఒత్తిడితో గాలినందించును. 1943లో ఫ్రాన్సుదేశమున కూస్టో, గాన్యా అను నిరువురు ఈ సాధనమును తీర్చి దిద్దిరి. 33 అడుగుల లోతున నిండుగా పీల్చిన ఊపిరిని బిగబట్టి పైకి వచ్చినచో, ఒత్తిడి సగమగుటచే ఆ గాలి రెండింతలుగా ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చును. మన ముత్యపుచిప్పలవారు ఊపిరి పట్టుటచే బ్రదికిరి. వీరు పట్టుటచే చత్తురు. ప్రాణాయామము నెరిగిన పెద్దలకు ఒక్కమాటలో చెప్పవచ్చును: ఇచ్చట పూరకమును రేచకమునే గాని కుంభకము నిషిద్ధము. ఊపిరి నెమ్మదిగా, ఎడతెగక సాగవలెను. ఈ సూత్రమొక్కటి నోటికి రానిదే గురువులు శిష్యుని సముద్రమున దింపరు.

రెండవ యపాయము నత్రజనివలన. మన గాలిలో నాలుగుపాళ్లకు మూడుపాళ్లకు పైగా నున్నది అదియే. లోతున ఒత్తిడి హెచ్చుటచే అది రక్తమున కరగును. మెల్లగా పైకి వచ్చినచో ఊపిరితో వెడలిపోవును. తటాలున వచ్చినచో, గోలీసోడా మూత కొట్టినప్పుడు బుడగలు పొంగునట్లు శరీరమందే బుడగలు గట్టి కీళ్లను, వెన్నును, మెదడును బాధించును. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు హాల్డేను మేకలపై పరీక్షలు చేసి, ఎంత లోతున ఎంతసేపు ఉండవచ్చునో, ఎట్లు మెల్లగా పైకి రావలెనో 1908లో పట్టికలుగా ప్రకటించెను. నేడు ఆ లెక్కను మణికట్టున ధరించు చిన్న యంత్రము చేయుచున్నది. క్రొత్తవారికి హద్దు 60 అడుగులు. మొదటి మునకకు 30 అడుగులే చాలును. పైకి వచ్చునప్పుడు నిమిషమునకు 30 అడుగుల వేగమును మించరాదు; 15 అడుగుల కడ 3 నిమిషములు నిలిచి పిదప పైకి రావలెను.

ఇంతవరకు శాస్త్రము. ఇక కాగితము.

మా అమ్మాయి ఒక పుట కాగితముమీద వ్రాసికొన్నది. దిగు చోటు, బయలుదేరు వేళ, తోడుగా నెవరు, ఎంత లోతు, ఎంతసేపు, ఏ దిక్కునకు, ఎప్పుడు మరలవలెను, ఒడ్డున నెవరుందురు, వేళ మించినచో ఏమి చేయవలెను. ఈ విద్యలో దీనికి గొప్ప విలువ కలదు. ఏలన నీటి క్రింద మాటలాడుటకు వీలులేదు; చలికి, ఉత్సాహమునకు, భయమునకు బుద్ధి సరిగా పనిచేయదు. కనుక ఆలోచింపవలసిన దంతయు వెచ్చని యింటిలో, వేడి కాఫీ ముందుంచుకొని ఆలోచింపవలెను. నీటిలో నిశ్చయింపవలసినది ఎంత తక్కువగా నుండిన అంత మేలు.

కాగితమునందు మొదటి పంక్తి ఏమో యెరుగుదురా? "ఏ కారణమువలన మానవలెను?" అని. అమెరికా వాతావరణశాఖవారు సముద్రమున లంగరువేసి నిలిపిన తేలుడు యంత్రములు కెరటమెంత యెత్తో, ఒక కెరటమునకును మరొకదానికిని నడుమ ఎన్ని సెకండులో తెలుపుచుండును. మనము ఎత్తును మాత్రమే చూచెదము. తెలిసినవారు సెకండులను చూతురు. సమీపపు గాలికి బుట్టిన కెరటము ఏడెనిమిది సెకండులకొకటి వచ్చును. అది తీరమున చిటపటలాడి పోవును. ఎక్కడనో వేలమైళ్ల దూరమున తుపానునకు బుట్టినది 15 సెకండులకో అంతకు మించియో ఒకటి వచ్చును. నడిసముద్రమున చిన్నదిగనే తోచును గాని తీరము చేరునప్పటికి లోతైన నీటినంతను కదలించి, లేచి, మీద విరుచుకొని పడును. పైగా పెద్దకెరటములు గుంపులుగా వచ్చును. నడుమ కొన్ని నిమిషములు సముద్రము సాధువువలె నుండును. అందువలన ఒడ్డుకు జేరినవెంటనే సిలిండరు భుజాన వేసికొనక, కనీసము పావుగంట, ఇరువది నిమిషములు ఊరక నిలుచుండి నీటిని చూడవలెను. పోటుపాట్లను గూడ చూడవలెను. అమావాస్యకును పౌర్ణమికిని పోటు హెచ్చని మన కోస్తావారికి జెప్పనక్కరలేదు; ఈ యంశమున పంచాంగము మాంటెరేలోను పనికి వచ్చును.

మేము మొదట పోయిన శనివారమున, అక్టోబరు నెలలో, ఉదయము ఏడుగంటల కొడ్డు చేరితిమి. తోడువచ్చినది అమ్మాయికంటె నాలుగైదేండ్లు పెద్దదైన మన తెలుగుపిల్ల. అరువదిసార్లకు పైగా మునిగిన యనుభవము గలది. ఆమె భర్త కారు నడిపించెను. వాయవ్యము నుండి దూరపు కెరటము వచ్చుచుండెను. పదినిమిషములు నీరు మోకాలిబంటిగా ఇసుకను తాకి పోయెను. పిదప వరుసగా నాలుగు కెరటములు నడుమెత్తున లేచి, ఒడ్డుననున్న బరువైన మనుష్యుని పడద్రోయగల బలముతో వచ్చినవి. వేరొక జట్టువారు దిగిరి కూడ. మా యమ్మాయి మరి పదినిమిషములు చూచి, తోడుపిల్లతో "అక్కా, నా మనస్సు ఒప్పుకొనుట లేదు. ఈ దినము వద్దు" అనెను. ఆమె భర్త, పాపము, మంచివాడే గాని, 70 మైళ్లు వచ్చితిమి గదా, సామగ్రికి అద్దె చెల్లించితిమి గదా, వారు దిగలేదా యని నసిగెను. ఆ పిల్ల అతనివంక ఒకసారి చూచి, మారుమాటాడక, తన బెల్టు విప్పి కారులో పెట్టెను. కారణమడుగలేదు. అటుపిమ్మటను అడుగలేదు. ఎవరైనను, ఎప్పుడైనను, ఏ కారణముననైనను, లేక కారణమే చెప్పకయు మునకను మానవచ్చునని, మానినవారిని ఎవరును ప్రశ్నింపరాదని ఈ విద్యలో నొక కట్టుబాటు కలదట.

నాకీ కట్టుబాటు మిక్కిలి నచ్చినది. మన యిండ్లలో ఇందుకు విరుద్ధమైన అలవాటున్నది. బయలుదేరినవాడు వెనుదిరిగినచో అపశకున మందుము. నలుగురు సరేయనినప్పుడు ఒక పిల్ల కాదనినచో పిరికిది యందుము, లేదా గర్విష్ఠి యందుము. పెద్దలముందు వద్దనుట మన పిల్లలకు నేర్పలేదు. సముద్రపుటొడ్డున ఈ మర్యాద ప్రాణము దీయును. నేను పంచాంగమును నమ్మువాడనే. ఇచ్చట మాత్రము ముహూర్తము పెట్టునది సముద్రము. కనుక పిల్లలు టెలిఫోను చేసి "ఇంత దూరము పోయి దిగకుండ వచ్చితిమి" అని చెప్పినప్పుడు మనము "అయ్యో, డబ్బు దండుగ" అనరాదు. ఆ మాట మరుసటిసారి వారి చెవిలో మ్రోగును. శరీరమును గూర్చియు ఇట్లే. జలుబు చేసి చెవులు మూసికొనినచో, ముందటి రాత్రి నిద్రలేనిచో, మద్యము పుచ్చుకొన్నచో ఆ దినమున దిగరాదు. ఉబ్బసము, గుండెజబ్బు, మూర్ఛ వంటివి యున్నవారు వైద్యుని యనుమతి లేనిదే ఈ విద్యకే పోరాదు. చేర్చుకొనునప్పుడు ప్రశ్నల పత్రమొకటి యిత్తురు, దానిలో దాచి వ్రాసినచో దాచినది సముద్రమున బయటబడును.

రెండవ పంక్తి గాలి లెక్క. ఇది చిన్న బడిపిల్లల లెక్కయే. అచ్చటి సాధారణపు సిలిండరులో సుమారు 80 ఘనపుటడుగుల గాలి పట్టును. గేజి చదరపుటంగుళమునకు 3,000 పౌనులు చూపును. క్రొత్తవారు ఒడ్డున నిమిషమునకు ముప్పాతిక ఘనపుటడుగు పీల్తురనుకొందము. 33 అడుగుల లోతున ఒత్తిడి రెండింతలు గనుక ఒకటిన్నర పట్టును. ఆ చొప్పున సిలిండరు 53 నిమిషములు వచ్చును. అట్లని 53 నిమిషములు ఉండదగునా? గాలిని మూడు భాగములు చేయవలెను. ఒకటి పోవుటకు, ఒకటి వచ్చుటకు, మూడవది తనది కాదు. తోడువారి సాధనము చెడినచో ఇరువురును ఒక్క సిలిండరుతో తిరిగి రావలెను గదా; మూడవభాగము తోడువారిది. మొదటి మూడవవంతునకు లెక్క ప్రకారము 17 నిమిషములకు కొంచెము పైబడును. కాగితములో అమ్మాయి ఇట్లు వ్రాసినది: "15 నిమిషములు గడచినను, గేజి 2,000 చూపినను, ఏది ముందు వచ్చిన దానికి మరలవలెను." ఏది ముందు వచ్చిన దానికి అను మాటలోనే ఉన్నది యుక్తి.

తరువాతి శనివారము సముద్రము నెమ్మదిగా నుండెను. ఇరువది నిమిషములు చూచినను కెరటము మోకాలు దాటలేదు. పిల్లలు వెట్ సూటులు తొడిగికొనిరి. ఇది 7 మిల్లీమీటర్ల దళసరి రబ్బరు కవచము. తలకు టోపి, చేతులకు తొడుగులు, కాళ్లకు జోళ్లు అన్నియు నదే. నీరు గాలికంటె ఇరువదింతలకు మించిన వేగముతో శరీరపు వేడిని లాగివేయును గనుక ఇది లేనిదే అరగంట నిలువజాలరు. ఈ రబ్బరు తేల్చును గనుక నడుమునకు సీసపుబిళ్లలు కట్టుకొనవలెను. ఎన్ని కట్టవలెనో ఒడ్డుదగ్గరి లోతులేని నీటిలో తేలి పరీక్షించిరి. ఎక్కువైనచో మునిగిపోవుదురు, తక్కువైనచో దిగజాలరు. కావలసినది త్రిశంకుని స్థితి, అనగా పైకి పోక క్రిందికి బోక నడుమ నిలుచుట. పైన ధరించు చొక్కాలోనికి గాలి నింపుచు తీయుచు ఆ స్థితిని సాధింతురు.

పిదప ఒకరి సామగ్రిని మరొకరు చేతులతో తడవి చూచిరి. గాలి తెరచియున్నదా, పట్టీలు బిగిసినవా, అవసరమున బరువు విప్పుట ఎట్లు, అదనపు గొట్టమెక్కడ. సైగలను మరల చెప్పుకొనిరి. బొటనవ్రేలు పైకెత్తినచో మనము బాగనుకొందుము. నీటిలో దాని యర్థము "పైకి పోదము" అని. బాగుగనున్నాననుటకు చూపుడువ్రేలిని బొటనవ్రేలితో కలిపి మిగిలిన మూడింటిని చాపుదురు. అది మన చిన్ముద్రయే! దక్షిణామూర్తి చేతిలోనిది మాంటెరే సముద్రమున క్షేమసమాచారమునకు పనికివచ్చుట చూచి నాకు నవ్వు వచ్చినది.

ఎనిమిదిగంటల ఇరువది నిమిషములకు దిగిరి. మాస్కు మొగమున, రెగ్యులేటరు నోట నుండగనే నీట నడుగిడిరి. ఒడ్డున పడినను ఊపిరి యుండవలెను గదా. నడుములోతునకు పోయి, ఒకరి భుజము నొకరు పట్టుకొని, తెడ్డులవంటి తొడుగులను పాదములకు తగిలించుకొనిరి. కొంతదూరము వెల్లకిల ఈదుచు కట్టవెంబడి పోయి, చిన్ముద్ర చూపి, మునిగిరి. అటుపిమ్మట వారేమి చేసిరో నేను చూచినది కాదు, వారు చెప్పినది. దిగునప్పుడు రెండు మూడడుగుల కొకసారి ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల ఒత్తిడిని సరిచేసికొనవలెను. నొప్పి పుట్టినచో కొంచెము పైకి వచ్చి మరల ప్రయత్నింపవలెను గాని ఓర్చుకొనరాదు. చూపు పదునైదడుగులే ఆనినది. దిక్సూచితో బయలుదేరిన దిక్కును గుర్తించుకొని, కట్టరాళ్లను ఎడమచేతివైపున నుంచుకొనకుండ కుడిచేతివైపున నుంచుకొని పోయిరి, వచ్చునప్పుడు ఎడమచేతివైపున. కెల్ప్ తీగ యొకటి అమ్మాయి సిలిండరునకు తగులుకొన్నది. తగులుకొన్నప్పుడు గిరగిర తిరుగరాదు, తిరిగినకొలది చుట్టుకొనును. నిలిచి, తోడును పిలిచి, తీగను మునగకాడవలె మడిచి విరచివేయవలెను. లాగిన తెగదు, మడిచిన విరుగును. అట్లే చేసిరట. కెల్ప్ పందిరి క్రిందనే బయటకు రావలసియుండును గనుక గాలి మిగిలియుండుట అందుకును అవసరము. గాలి యయిపోయి పైకి వచ్చినవాడు ఆ తీగలమీద బోర్లపడి పాకవలసివచ్చును.

లెక్క ప్రకారము 17 నిమిషములు రావలసిన గాలి, చలికిని ఉత్సాహమునకును, 13 నిమిషములకే 2,000 వద్దకు వచ్చినది. తోడుపిల్లకు 2,300 ఉన్నది. కట్టరాళ్లమీద తెల్లనిపూల తోట వంటిది మరి నాలుగు బారల దూరముననే యున్నదని ఆమెకు దెలియును. అయినను అమ్మాయి గేజి చూపగనే ఇరువురును మరలిరి.

ఒడ్డున నా పని గడియారము చూచుటయే. కాగితములో "9 గంటల 10 నిమిషములకు ఇసుకమీద. 9.30కి రానిచో 911కు టెలిఫోను, కట్టమొదటి ఠాణాలో చెప్పవలెను" అని యున్నది. మొదట కొంతదూరము వారి బుడగలు కనబడినవి. పిదప చిన్న అలలలో కలిసిపోయినవి. ఒకసారి గుండ్రని నల్లనితల యొకటి లేచినది, సంతోషించి నిలుచుంటిని. అది నన్ను చూచి మీసములు కదలించి మునిగినది. సీలు! ఆ రబ్బరుటోపి పెట్టుకొన్న మనుష్యునకును సీలునకును దూరమునుండి భేదము తెలియదు. 9.04కు రెండు తలలు ఒక్కచోట లేచినవి. ఒకటి చేయెత్తి నెత్తిమీద వంచి సున్న చుట్టినది. దూరమునుండి క్షేమమని తెలుపు సైగ యదియే. లోతులేని నీటికి వచ్చి, కెరటముల గుంపు పోవువరకు నిలిచి, చేతులతో మోకాళ్లతో ప్రాకి ఒడ్డెక్కిరి. ప్రాకుట యందు సిగ్గులేదు. బరువుతో నిలుచుండబోయి పడువారే దెబ్బలు తిందురు. అమ్మాయి సిలిండరులో 1,100 మిగిలినది. తోడువారి భాగము తోడువారికి ఖర్చుకాకుండ మిగిలినది.

ఒడ్డునకు వచ్చినతోడనే తడికవచము విప్పి, పొడిబట్టలు కట్టి, వేడిగా త్రాగుట కియ్యవలెను. ఒక ఫ్లాస్కు కాఫీ నేను సిద్ధముగా నుంచితిని. ఆ దినమును మరునాడును కీళ్లనొప్పి, తిమ్మిరి, తలత్రిప్పు, విడువని యలసట ఏదైన కనబడినచో, కండరముల నొప్పి యని పడుకొనరాదు; వైద్యునకు "నేను నీటిలో మునిగితిని" అని మొదటి మాటగా చెప్పవలెను. అచ్చట డైవర్స్ అలర్ట్ నెట్వర్క్ అను సంస్థ 1980 నుండి ఇట్టివారికి టెలిఫోనులో సలహా యిచ్చుచున్నది. బుడగల జబ్బునకు మందు, ఒత్తిడిగల ఉక్కుగదిలో పరుండబెట్టి ప్రాణవాయువు నిచ్చుట. ఎంత త్వరగా నిచ్చిన అంత ఫలము.

మరియొక సంగతి, మనవారికి ముఖ్యముగా అవసరమైనది. సెలవులకు ఇంటికి రాబోవు పిల్లలు చివరిదినమున ముచ్చట తీరునని సముద్రమున దిగుదురు. విమానము పైకి పోయినకొలది లోపలి ఒత్తిడి తగ్గును. రక్తమున మిగిలిన నత్రజని అప్పుడు బుడగలు గట్టవచ్చును. ఒక్కసారి మునిగినవారు 12 గంటలు, ఒకటికి మించి మునిగినవారు 18 గంటలు గడచినగాని విమానమెక్కరాదు. ఆదివారము ఉదయము మునక, ఆ రాత్రియే హైదరాబాదు విమానము అని మీ మనుమడు చెప్పినచో, మునకయైనను మానుకొనుమనుడు, టికెట్టునైనను సోమవారము రాత్రికి మార్చుకొనుమనుడు.